బేస్‌మెంట్‌లో ఫ్రెంచి దొరలు

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఫాసిజం మీద మనసు పారేసుకున్న ఫ్రెంచి రచయితల గురించి నేను మొదటిసారి తెలుగులో విన్నది అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో, ఒక ఇంటి బేస్‌మెంట్‌లో, పేపర్ ప్లేటులో పులిహోర తింటూ. చెబుతున్నది మా సాహితీ మండలి అధ్యక్షుడు. ఆయన ఉద్యోగం కారు సీట్ల కింద ఉండే ఇనప పట్టాలు డిజైన్ చేయడం. తీరిక వేళల్లో ప్రపంచ సాహిత్యాన్ని మా నెత్తిన రుద్దడం.

"ఫైర్ ఉన్న మనుషులండీ వాళ్ళు," అన్నాడాయన, చేతిలో ఆన్ ఆర్బర్ పాత పుస్తకాల షాపులో దొరికిన ఇంగ్లీషు అనువాదం ఊపుతూ. "పార్లమెంటుని చూస్తే అసహ్యం వేసింది వాళ్ళకి. యూత్, యాక్షన్, డిసిప్లిన్... వీటి గురించి రాశారు. మన రైటర్స్‌లో లేనిది అదే. ఆ స్టైల్ చూడండి, ఒక్కో సెంటెన్సూ కత్తి!"

అందరూ తలలూపారు. మా మండలిలో తలలూపడం అలవాటు. నెలకోసారి ఎవరింట్లోనో చేరతాం. తలా ఒక వంటకం తెస్తాం. ఎవరో ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్ళు "అద్భుతం" అంటారు. ఎవరి మాటనూ ఎవరూ కాదనరు. ఎందుకంటే వచ్చే నెల వాళ్ళింట్లోనే భోంచేయాలి.

ఆ గదిలో ఫ్రెంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. హైదరాబాదులో ఫ్రెంచి ఎం.ఏ. చదివి, పెళ్ళి చేసుకుని, డిపెండెంట్ వీసా మీద మిషిగన్ వచ్చి, కొన్నేళ్ళు గిన్నెలు తోమి, పని చేసుకునే కాగితాలు చేతికొచ్చాక ఒక బ్రేకుల కంపెనీలో అనువాదకురాలిగా చేరాను. ఫ్రాన్స్ నుంచి వచ్చే మాన్యువల్స్‌ని ఇంగ్లీషులోకి మార్చడం నా పని. అందులో కవిత్వం ఏమీ ఉండదు. కానీ బ్రేకు మాన్యువల్‌లో ఒక వాక్యం మింగేస్తే ఎక్కడో ఒకడు వెళ్ళి గోడకి గుద్దుకుంటాడు. అందుకని ఉన్న వాక్యాన్ని ఉన్నట్టు ఉంచడం నాకు ఒంటికి పట్టిన అలవాటు.

అధ్యక్షుడు మెచ్చుకుంటున్న దొరల్ని నేను ఎం.ఏ.లోనే చదివాను. చదివాను అనడం కన్నా భరించాను అనడం నిజం. వాళ్ళు తిండికి లేక దారి తప్పిన మనుషులు కాదు. దేశంలో పేరున్న బళ్ళలో చదివినవాళ్ళు, చిన్న వయసులోనే బహుమతులు కొట్టేసినవాళ్ళు, లాటిన్ పద్యాలు అప్పజెప్పగలిగినవాళ్ళు. కొందరు మొదటి యుద్ధంలో కందకాల్లో ఉండి వచ్చారు. కొందరికి వయసు చాలక ఆ యుద్ధం తప్పిపోయింది. ఆ తప్పిపోవడమే వాళ్ళకి పెద్ద బెంగ. కాఫీ హోటళ్ళలో కూచుని, తమ దేశం ముసలిదైపోయిందనీ, మెత్తబడిపోయిందనీ, దాని చెంప ఛెళ్ళుమనిపించే మొగాడు కావాలనీ రాశారు. చెంప ఎవరిదన్నది వాళ్ళకు బాగా తెలుసు. తమది మాత్రం కాదు.

తర్వాత జర్మనీ వెళ్ళి అక్కడి ఊరేగింపులు చూశారు. దివిటీలు, జెండాలు, చొక్కాల్లేని కుర్రాళ్ళు, ఒక్క గొంతుతో అరిచే జనం. వాటిని చూసి వీళ్ళు రాసిన పేజీలు చదివితే నాకు ఒళ్ళు జలదరించేది. కొత్తగా ప్రేమలో పడ్డ పదిహేనేళ్ళ పిల్ల రాసుకున్నట్టు ఉంటాయి. పొట్ట వేలాడే, మెట్లెక్కితే ఆయాసపడే పెద్దమనుషులు, కండల గురించి ఆ రాత! ఇంటికి తిరిగొచ్చి యూదుల మీద రాశారు. ఆ రాతలో ప్రేమ లేదు గానీ ఉత్సాహం మాత్రం అంతే ఉంది. జర్మన్లు పారిస్‌లోకి వచ్చాక వాళ్ళ ఆఫీసర్లతో విందులు చేశారు. దేశమంతా రొట్టె కోసం నిలబడుతుంటే వీళ్ళ పుస్తకాలకు కాగితం దొరికింది. యుద్ధం అయిపోయాక కొందరికి శిక్షలు పడ్డాయి. చాలామంది పక్క దేశాల్లో దాక్కుని, గొడవ చల్లారాక తిరిగొచ్చి, లోకం తమను అపార్థం చేసుకుందని మళ్ళీ పుస్తకాలు రాశారు. ఆ పుస్తకాలూ అమ్ముడుపోయాయి.

నాకు వాళ్ళ మీద కోపం కన్నా ఏవగింపు ఎక్కువ. రౌడీ రౌడీలాగే కనిపిస్తాడు, వాణ్ణి చూసి తప్పుకుంటాం. రౌడీ వెనక నిలబడి, వాడి కర్రకు అలంకారాలు చుట్టే చదువుకున్నవాణ్ణి ఏమనాలి? తన చేయి ఎత్తడు. తన చొక్కా నలగదు. ఎవడో కొడుతుంటే ఆ కొట్టడంలో లయ ఉందని రాస్తాడు. అలాంటివాళ్ళను "ఫైర్ ఉన్న మనుషులు" అంటే నాకు నవ్వొస్తుంది. వాళ్ళలో నిప్పేమీ లేదు. పక్కవాడి కొంప తగలబడుతుంటే ఆ వేడికి చేతులు కాచుకున్నవాళ్ళు వాళ్ళు.

ఆ రోజు ఇదంతా చెప్పబోయాను. మా ఆయన మోచేత్తో పొడిచాడు. "నీకెందుకే లొల్లి? తిని పోదాం పా," అన్నాడు. ఆయనది కరీంనగరు. అధ్యక్షుడిది గుంటూరు. సాహిత్యం దగ్గర మొదలైన గొడవ ఎక్కడ తేలుతుందోనని మా ఆయన భయం.

అది డెట్రాయిట్ కార్ల కంపెనీలు కుప్పకూలుతున్న ఏడాది. మా బేస్‌మెంట్లలో అందరికీ భయం పట్టుకుంది. వీసా మీద ఉన్న కుర్రాళ్ళకి పింక్ స్లిప్పు వస్తే దేశం వదలాలి. సిటిజన్లకి ఇంటి లోను. ఆ భయం నాకూ ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ భయం నోట్లోంచి బయటికి వచ్చేసరికి మా మగవాళ్ళ దగ్గర వేరే రూపం ఎత్తేది. "డెమోక్రసీతో ఏం అవదండీ, ఒక్క స్ట్రాంగ్ మ్యాన్ వస్తే సిక్స్ మంత్స్‌లో అంతా లైన్‌లో పెడతాడు," అని ఒకడు. "ఫస్ట్ యూనియన్ వాళ్ళని లోపలెయ్యాలి," అని ఇంకొకడు. అధ్యక్షుడు మధ్యలో కూచుని, "ఎగ్జాక్ట్‌లీ, థర్టీస్‌లో ఫ్రెంచ్ ఇంటలెక్చువల్స్ ఇదే చెప్పారు," అని ముద్ర వేసేవాడు.

ఇదే పెద్దమనిషికి అంతకుముందు వేసవిలో సబ్‌డివిజన్ అసోసియేషన్ వాళ్ళు, అంటే మా కాలనీ సంఘం వాళ్ళు, ఒక నోటీసు పంపారు, ఇంటి ముందు గడ్డి ఎత్తు పెరిగింది, కత్తిరించమని. "వాట్ ఈజ్ దిస్, హిట్లర్ రాజ్యమా?" అని వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి మొరపెట్టుకున్నాడు. తన గడ్డి జోలికి వస్తే నియంతృత్వం. ఇతరుల బతుకు జోలికి వెళ్తే డిసిప్లిన్.

ఆ శీతాకాలం ఆయన నాకు ఫోన్ చేశాడు. మండలి తరఫున ఆయన నడిపే పత్రిక ఉగాది ప్రత్యేక సంచికలో ఆ ఫ్రెంచి రచయితల్లో ఒకాయన వ్యాసం వేయాలని సంకల్పం. ఇంగ్లీషు నుంచి కాకుండా మూలం నుంచి తెలుగులోకి తెస్తే మన మండలికి చరిత్రలో నిలిచిపోయే పేరు. "మీరైతేనే న్యాయం చేయగలరమ్మా," అన్నాడు. ఆ రచయిత మొదటి వరసలోవాడు కాదు. ఒక వారపత్రికలో మొదట నాటకాల మీద, తర్వాత మనుషుల మీద సమీక్షలు రాసినవాడు. నేను ఒప్పుకున్నాను. ఎందుకంటే, మొత్తం తెలుగులో చదివితే మా వాళ్ళకి కళ్ళు తెరుచుకుంటాయని అనుకున్నాను.

వ్యాసం యవ్వనం గురించి మొదలవుతుంది. ఉదయపు గాలి, నదిలో ఈత, ఒకేలా అడుగులు వేసే స్నేహితులు. చదవడానికి నిజంగానే హాయిగా ఉంటుంది. సగం దాటాక, ఈ యవ్వనానికి అడ్డం ఎవరన్న ప్రశ్న వస్తుంది. అక్కణ్ణుంచి చివరి వరకు యూదులే. వాళ్ళ ముక్కులు, వాళ్ళ దుకాణాలు, వాళ్ళ యాస. ఆ భాగంలోనూ అదే ఉదయపు గాలి, అదే మృదువైన వాక్యం. నేను ఏమీ వదలకుండా అనువాదం చేసి పంపాను.

రెండో రోజు ఫోన్ వచ్చింది.

"ఎక్స్‌లెంట్ అమ్మా. కాకపోతే సెకండ్ హాఫ్ తీసేస్తున్నాం."

"ఎందుకండీ?"

"పేజీలు లేవు. చీరల షాపు వాళ్ళది ఫుల్ పేజీ యాడ్ వచ్చింది. అయినా ఆ యూదుల గొడవ మన రీడర్స్‌కి రిలవెంట్ కాదు కదా."

"వ్యాసం దాని గురించేనండీ. ముందున్న గాలీ నదీ అంతా దాని కోసమే."

"అబ్బే, పాలిటిక్స్ వేరు, స్టైల్ వేరు. మనం హంసలాగా పాలు తీసుకుని నీళ్ళు వదిలేయాలి."

ఆయన దృష్టిలో ఆ రెండో సగం నీళ్ళు. అయితే నా పేరు తీసేయమన్నాను. తీసేయమంటే బతిమాలతాడనుకున్నాను గానీ, "సరే అమ్మా, మీ ఇష్టం," అన్నాడు ఆనందంగా. ఆ విధంగా అనువాదకుడి స్థానంలో ఆయన పేరు వచ్చింది. పైన రచయితని మెచ్చుకుంటూ ఆయన రాసిన పరిచయం. కింద "మూలం నుంచి" అని కూడా వేసుకున్నాడు. ఫ్రెంచిలో నీళ్ళడగడం కూడా రాని మనిషి!

ఇప్పుడు ఆయన కూతురి సంగతి చెప్పాలి. ఒక్కతే కూతురు. ఇక్కడే పుట్టింది. మాటలు సరిగా రాని చిన్నపిల్లలకి మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు. తండ్రి నోరు ఉన్న మనిషైతే ఈ పిల్ల చెవులున్న మనిషి. అలా వినే మనుషుల్ని నేను తక్కువ చూశాను. ఆ జనవరిలో ఒక శనివారం మా ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండానే అడిగింది.

"ఆంటీ, నువ్వు నాకు ఫ్రెంచ్ నేర్పిస్తావా? ఫాస్ట్‌గా కావాలి."

ఎందుకని అడిగితే సోఫాలో కూచుని మొత్తం చెప్పింది. కాలేజీ రోజుల నుంచి స్నేహంగా ఉన్న అబ్బాయి. తన ఇంట్లో ఒప్పుకున్నారు. వాళ్ళది పక్కనే వెస్ట్ బ్లూమ్‌ఫీల్డ్. యూదుల కుటుంబం. అబ్బాయిని పెంచింది వాళ్ళ నాయనమ్మ. ఆవిడ చిన్నప్పుడు ఫ్రాన్స్ నుంచి వచ్చేసింది. ఇన్నేళ్ళూ ఇంగ్లీషులోనే బతికి, ఇప్పుడు పెద్దవయసులో మళ్ళీ ఫ్రెంచిలోకి జారిపోతోంది. మనవడి పెళ్ళి మాట ఎత్తితే అవుననలేదు, కాదనలేదు. అమ్మాయి వాళ్ళింటికి వెళ్తాను, కూచుంటాను, అప్పుడు చెబుతాను అందట.

"వాడు ఎలాగైనా చేసుకుంటా అన్నాడు. బట్ అది కాదు ఆంటీ. ఆమె వాడికి అమ్మ లాగా. ఆమె ఫేస్ తిప్పుకుంటే నేను ఆ హౌస్‌లో ఎలా ఉంటాను? ఆమె యెస్ చెప్పాలి. నాతో చెప్పాలి."

అమ్మాయి ఆ ముసలావిడ నోటి నుంచి ఒక్క అవును కోసం ఫ్రెంచి నేర్చుకుంది. ప్రతి శనివారం వచ్చేది. వారమంతా పిల్లల నోళ్ళలోంచి మాటలు లాగి, ఇక్కడికొచ్చి తన నోట్లోంచి తను లాక్కునేది. గొంతు లోపల పలికే ఆ 'ర' కారం దగ్గర తంటాలు పడి, నవ్వి, మళ్ళీ మొదలుపెట్టేది. నాకు పిల్లలు లేరు. శనివారం కోసం నేను ఎదురుచూసేదాన్ని, ఆ మాట దాచుకోవలసిన పని లేదు.

సంగతి తెలిసిన మర్నాడే తండ్రికి ఫోన్ చేశాను. "మీ వియ్యాలవారు యూదులు. ఇప్పుడైనా ఆ వ్యాసం ఆపండి," అన్నాను.

"తీసేశాం కదమ్మా ఆ పేరాలు!" అన్నాడాయన, నేనేదో అర్థం కాని పిల్లనైనట్టు. "ఇంకేముంది అందులో? గాలి, నది. అంతే కదా."

ఆయన నిజంగానే నమ్మాడు. అదే నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. తను కోసేసింది ఇక లోకంలో లేదని ఆ మనిషి నమ్మకం. సంచిక అచ్చయింది. తెలుగు పత్రిక కదా, తెలుగు ఇళ్ళలో టీపాయిల కింద చేరి అక్కడే పడి ఉంటుందిలే అనుకున్నాను.

ఏప్రిల్‌లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళ బేస్‌మెంట్‌లోనే నిశ్చితార్థం. ప్లాస్టిక్ బంతిపూల దండలు, అద్దెకు తెచ్చిన కుర్చీలు, ఒక మూల ట్రేడ్‌మిల్ మీద కప్పిన పట్టుచీర. అబ్బాయి తరఫున వచ్చింది కొద్దిమందే. నాయనమ్మ ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. చిన్న మనిషి. కత్తిరించిన తెల్లజుట్టు, నీలం రంగు స్వెటరు, చేతికర్ర. గారె ఒకటి తిని, ఇంకొకటి అడిగి వేయించుకుంది. అమ్మాయి ఆవిడ పక్కన కూచుని తను నేర్చుకున్న ఫ్రెంచిలో మాట్లాడింది. ఒక మాట దగ్గర ముసలావిడ ఆపి, తన గొంతు మీద వేలు పెట్టుకుని ఎలా పలకాలో చూపించింది. అమ్మాయి పలికింది. ఇద్దరూ నవ్వారు. అమ్మాయి నావైపు చూసింది. ఆ ముఖం చూస్తే నాకు గట్టెక్కినట్టే అనిపించింది.

మా మండలిలో ఒక ఆచారం ఉంది. ఎవరింట్లో ఏ శుభకార్యమైనా తాంబూలంతో పాటు కొత్త సంచిక ఒకటి ఇస్తాం. సాహిత్యం ఇంటింటికీ చేరాలన్నది పైకి చెప్పే కారణం. గరాజులో కట్టలు కట్టలుగా మిగిలిపోతాయన్నది అసలు కారణం. కొబ్బరికాయ, జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్ళు, ఒక సంచిక. అధ్యక్షుడి భార్య మగపెళ్ళివారికి సంచులు ఇస్తోంది. ఆవిడ ఆ పూటకి పత్రికలు పెట్టలేదు, నేను చూశాను. నాకు ప్రాణం కుదుటపడింది.

అప్పుడు అధ్యక్షుడు మెట్లు దిగి వచ్చాడు, చేతిలో సంచికతో. ముఖం వెలిగిపోతోంది. తిన్నగా ముసలావిడ దగ్గరికి వెళ్ళి, పేజీ తెరిచి, ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ ఫ్రాన్స్ మనిషి కదా, సంతోషిస్తుందని!

"మేడమ్, ఫ్రెంచ్ రైటర్! గ్రేట్ స్టైలిస్ట్! ఐ ట్రాన్స్‌లేటెడ్ హిమ్!"

పేజీ నిండా ఆ రచయిత ఫోటో. చుట్టూ తామరపూల అంచు, కింద దీపం బొమ్మ. మా పత్రికలో తెలుగు కవుల జయంతికి వేసే చట్రమే దానికీ వేశారు.

ముసలావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. చూసింది. ఆవిడ ముఖంలో ఏమీ మారలేదు. నావైపు తిరిగి ఫ్రెంచిలో అడిగింది.

"ఇక్కడ ఏం రాశారు?"

"చెప్పండమ్మా," అన్నాడు అధ్యక్షుడు ఉత్సాహంగా. "మన లిటరేచర్‌కి ఇలాంటివాడు కావాలని రాశానని చెప్పండి."

చెప్పాను. ఉన్నది ఉన్నట్టు. ఈయన యవ్వనాన్ని ప్రేమించాడని రాశారు, ఈయన వాక్యాలు కత్తుల్లాంటివని రాశారు, మా సాహిత్యానికి ఇలాంటివాడు కావాలని రాశారు.

"ఇంకేం రాయలేదా?"

"లేదండీ. వ్యాసంలో మిగతా సగం తీసేశారు."

"ఎవరు?"

నేను నోరు తెరిచేలోపు అమ్మాయి పలికింది. ఆవిడ నేర్పిన గొంతుతోనే, ఫ్రెంచిలోనే.

"మా నాన్న."

పిల్లకి వ్యాసం సంగతి అప్పటిదాకా తెలియదు. మిగతా సగంలో ఏముందో కూడా తెలియదు. కానీ ముసలావిడ చేయి పేజీ మీద ఎలా ఆగిందో చూసింది. అంత చాలు దానికి. అబద్ధం ఆడొచ్చు, తెలియదనొచ్చు. మూడు నెలలుగా ఏ అవును కోసం నోరు నొప్పెట్టేలా నేర్చుకుందో, ఆ అవునుని పణంగా పెట్టి నిజం చెప్పింది.

ముసలావిడ నెమ్మదిగా మాట్లాడింది. నాకోసం కాదు, అమ్మాయి కోసం, దానికి అర్థమయ్యే చిన్న చిన్న వాక్యాల్లో.

"మా నాన్న దర్జీ. పోలండ్ నుంచి వచ్చాడు. ఫ్రెంచి సరిగా వచ్చేది కాదు. మాకైనా రావాలని ప్రతి వారం ఈయన రాసే పత్రిక కొనేవాడు. అప్పట్లో ఈయన నాటకాల గురించి రాసేవాడు. అన్నం తినేటప్పుడు మాచేత పైకి చదివించేవాడు. మంచి ఫ్రెంచి అంటే ఇదీ అనేవాడు. ఇందాక నీకు చూపించానే, ఆ పలకడం, అది నేను ఈయన వాక్యాల మీదే నేర్చుకున్నాను."

ఆగింది. ఫోటో మీద వేలు పెట్టింది.

"జర్మన్లు వచ్చాక ఈయన మా వీధి గురించి రాశాడు. వీధి పేరు వేసి, అక్కడున్న దుకాణాల గురించి. మా నాన్న అదీ మాచేత చదివించాడు. చివరిదాకా విని, వాక్యం బాగుంది అన్నాడు. ఆ నెలలోనే ఆయన్ని తీసుకుపోయారు."

నేను తెలుగులో చెప్పాను. అధ్యక్షుడికి, ఆయన భార్యకి, కుర్చీల్లో ఉన్న మా మండలి వాళ్ళందరికీ వినబడేలా చెప్పాను. వీధి సంగతి చెప్పాను. తీసుకుపోయారని చెప్పాను. అధ్యక్షుడి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన తల వంచుకున్నాడు.

అధ్యక్షుడు మాత్రం ఒక్క క్షణం తడబడి, ఎక్కడో పట్టు దొరికినట్టు తల ఎత్తాడు.

"చూశారా," అన్నాడు. "స్టైల్ గొప్పదని వాళ్ళ ఫాదర్ కూడా ఒప్పుకున్నాడు కదా!"

నేను జీవితంలో చాలా మూర్ఖపు మాటలు విన్నాను. కొన్ని నేనూ అని ఉంటాను. ఇంత నీచంగా, ఇంత అమాయకంగా అన్న మాట మాత్రం మళ్ళీ వినలేదు. ఆ ఫ్రెంచి దొరలంతా, బహుమతులూ లాటిన్ పద్యాలూ ఉన్న దొరలంతా, ఆ ఒక్క మాటలో ఇమిడిపోయారు. అన్ని పుస్తకాలు రాయడం ఎందుకో పాపం.

ముసలావిడకి ఆ మాట ఎవరూ అనువదించలేదు. నేనూ అనువదించలేదు. ఆవిడ అడగనూ లేదు. సంచిక మూసి ఆయన చేతిలో పెట్టింది. కొబ్బరికాయ ఉన్న సంచి మాత్రం తన దగ్గర ఉంచుకుంది. కర్ర పక్కన పెట్టి, అమ్మాయి భుజం పట్టుకుని లేచింది.

"ఆదివారం మా ఇంటికి రా," అంది. "ప్రతి ఆదివారం రా. ఇక నుంచి నీకు ఫ్రెంచి నేను నేర్పుతాను."

అమ్మాయి వెతుక్కున్న అవును అదే. కానీ ఆ పిల్ల ముఖంలో సంతోషం లేదు. తండ్రినే చూస్తోంది. అచ్చం పిల్లల నోటి దగ్గర చెవి పెట్టి వినేటప్పుడు ఎలా చూస్తుందో అలా, ఇంకో మాట ఏదైనా వస్తుందేమోనని. ఆయన సంచిక మీద పడిన పసుపు మరక తుడుచుకుంటున్నాడు.

"నాన్నా," అంది తెలుగులో. "ఆమె వాళ్ళ డాడ్ గురించి చెప్పింది. నువ్వు విన్నావా?"

"విన్నానమ్మా. అదే కదా నేను చెప్పేది, స్టైల్..."

"ఓకే," అంది. ముసలావిడని నడిపించుకుంటూ మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

ఆ పై ఏడాది వేసవిలో పెళ్ళి జరిగింది. పొద్దున తెలుగు పద్ధతిలో, సాయంత్రం వాళ్ళ పద్ధతిలో. పొద్దున పురోహితుడు కన్యాదానానికి తల్లిదండ్రుల్ని పీటల మీదికి రమ్మని పిలిచాడు. అమ్మాయి తల ఎత్తి, గొంతు పెంచకుండా, అది వద్దని చెప్పింది. పురోహితుడు అర్థం కాక మళ్ళీ అడిగాడు. "నన్ను ఆయన ఇవ్వడం వద్దు," అంది. పురోహితుడు పుస్తకంలో పేజీ తిప్పి, తర్వాతి మంత్రం అందుకున్నాడు.

అధ్యక్షుడు ముందు వరసలో ఉన్నాడు, పట్టు పంచె, ఉత్తరీయంతో. కుడివైపు వాళ్ళకీ, ఎడమవైపు వాళ్ళకీ వంగి చెబుతున్నాడు, "అవుట్‌డేటెడ్ కదండీ, ఆ పార్ట్ నేనే తీసేయించాను." పక్క కుర్చీలో ఆయన భార్య అల్లుడి కాళ్ళు కడగడానికి కొన్న వెండి పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని కూచుంది. షాపులో చుట్టి ఇచ్చిన కాగితం కూడా విప్పలేదు.